ముఖానికి నాలుగు

నలుపులో ఎన్ని నలుపులుంటాయో
నాకు చిత్తూరు బెల్లం మండీ నేర్పింది.
ముప్పై రెండేళ్లు కాటా గుమాస్తాని.
అచ్చు విరవకుండానే చెప్పేవాణ్ణి:
ఇది పాకం ముదిరింది, ఇది సున్నం మింగింది,
ఇది ఇరాల, ఇది పూతలపట్టు.

అందుకే చాంద్ బాషా పాత ఇనుం కొట్లో
ట్రంకుపెట్టె అడుగున ఆ ఫోటో దొరికినప్పుడు
బొమ్మకన్నా ముందు బరువు చూశాను.
మందపు కాగితం. వంచబోతే ఎదురు తిరిగింది.

రాత్రి. బెల్లం వండే కొట్టం.
పెనం మీంచి లేచిన ఆవిరి సగం కాగితాన్ని తినేసింది.
దాని వెనక గరిటె పట్టుకుని ఒక మనిషి,
ముఖం ఉండాల్సిన చోట చీకటి.
తిప్పితే పెన్సిలు రాత:
"అరుళప్ప. ఫిబ్రవరి 62. మొదటిది."

బాషా నలభై అన్నాడు.
నేను ముప్పై అన్నాను.
ఆ పది రూపాయలు ఇప్పటికీ నన్ను గిల్లుతాయి.

తరవాత పదకొండేళ్లు
నా ఆదివారాలన్నీ అరుళప్పవే.
గ్రీమ్స్‌పేటలో ఒక నర్సమ్మ బీరువాలో
నీవా ఇసుక మీద ఆరేసిన చీరలు.
పలమనేరులో ఎవరిదో పెళ్లి ఆల్బం అట్టకింద
వానకు ముందు మామిడికాయల మండీ.
కాణిపాకం దారిలో టీకొట్టు గోడకి
మేకు కొట్టి వేలాడదీసిన ఏటిగట్టు;
మేకు సరిగ్గా ఆకాశంలో దిగింది.

"మనోళ్ల ఫోటో ఒకటన్నా ఉందా అందులో?"
అంటుంది మా ఇంటామె,
నా పాత పంచె చించి వాటికి చుట్టడానికి ఇస్తూనే.

మద్రాసు నుంచి కారులో ఒకాయన వచ్చాడు.
తెల్ల గ్లౌజులు తొడుక్కుని చూశాడు.
"అంచుల్లో వెండి తేలింది. రేటు రాదు" అన్నాడు.
వెండి తేలితే రేటు పడటం
ఏ మండీలోనూ వినలేదు నేను.
వాలుగా పట్టుకుంటే ఆ అంచు
చేప పొట్టలా మెరుస్తుంది.

రెండోది వేలూరు రోడ్డులో, రోజలిన్ ఇంట్లో.
అరుళప్ప కూతురు, టైపు నేర్పే టీచరు.
అదే రాత్రి, అదే ఆవిరి, అదే గరిటె.
కానీ ముఖం ఉంది!
చెంప మీద జారే చెమట,
ఎవరినో పిలవబోయి ఆగిన నోరు.
వెనక: "రెండోది. ముఖానికి నాలుగు."

నాలుగేందమ్మా అంటే
ఆమె బల్లమీది లైటు కింద అరచెయ్యి చాపింది.
"చీకటి గదిలో కాగితం మీద లైటు పడేటప్పుడు
నాయన ఇట్లా అడ్డం పెట్టేవాడు, ముఖం ఒక్కదానికే.
నాలుగు అంకెలు.
నేను తలుపు బయట కూర్చుని వినేదాన్ని."

వెలుగు తగిలిన చోటే కదా కాగితం నల్లబడేది.
ఆ చెయ్యి ఆపిన కాస్త మేరా
ఆ మనిషి మిగిలాడు.

నెగెటివులు?
అద్దం పలకలు, మూడొందల పైన.
అరుళప్ప పోయిన ఏడు వాళ్లమ్మ
చాకలిసోడాలో నానేసి, గోటితో, కత్తిపీటతో
అన్నీ గీకేసి
తిరుపతిలో పటాలు కట్టే కొట్టుకి
డజను లెక్కన ఇచ్చేసిందట.
"టైపు హయ్యరుకి ఫీజు కట్టాలి కదా నాకు"
అంది రోజలిన్, తప్పు తనదైనట్టు.

తిరుపతి పోయినప్పుడల్లా
గాంధీ రోడ్డులో పటాల ముందు నిలబడతాను.
స్వామిని కాదు, స్వామి ముందున్న అద్దాన్ని చూస్తాను
పక్కకు వంగి, ఒక కన్ను మూసి.
మొక్కుకుంటున్నాననుకుని కొట్టతను
కాసేపు ఓర్చుకుని, "తీసుకుంటావా పెద్దాయనా?" అంటాడు.
ఇవి కొత్తవి. నాక్కావాల్సినవి
ఏ ఇళ్లల్లో పొగచూరుతున్నాయో.

మొన్న నగరిలో ఒక చావింటికి పోయాను.
తలాపున దీపం, దీపం వెనక పాత పటం,
అద్దం మూల గోరంత మబ్బు.
మసో, ఆవిరో.
అడిగే సమయం కాదు.
దీపానికి చెయ్యి అడ్డం పెట్టి వంగాను.
ఒకటి, రెండు,
ఎవరో ఏడుస్తూ లోపలికొచ్చారు.